స్కాటు మహాశయుని మూగనేస్తములు

భారతకథలో ధర్మరాజు స్వర్గద్వారమును చేరునప్పటికి తమ్ములు గాని ద్రౌపది గాని ఆయన వెంట లేరు. తుదివరకు వెంట నడచినది ఒక కుక్క మాత్రమే. దానిని విడిచి స్వర్గమునకు రాజాలనని ఆ మహారాజు నిలిచిపోయిన కథ మనకందరకును తెలిసినదే. నమ్మినవానిని విడువని గుణము కుక్కకు సహజము. మనుష్యునకు మాత్రము అది సాధనచే గాని అలవడదు. ఈ గుణమును తన యింటి కుక్కలయందు కనిపెట్టి, తన కథలలో చిత్రించి, కష్టకాలమున తానును దానిని నిలుపుకొన్న రచయిత యొకడు స్కాట్లండు దేశమున నుండెను. ఆయనయే సర్ వాల్టర్ స్కాటు.

స్కాటు 1771వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన ఎడింబరో నగరమున జన్మించెను. ఆయన తండ్రి న్యాయవాద వృత్తిలో నుండెను. బిడ్డకు ఏడాదిన్నర ప్రాయము వచ్చునప్పటికి జబ్బు చేసి కుడికాలు చచ్చుపడెను. అది పోలియో వ్యాధియని నేటి వైద్యుల యభిప్రాయము. పల్లెగాలి మేలుచేయునని తలిదండ్రులు బాలుని సాండీనో అను పల్లెలోని తాతగారి కమతమునకు పంపిరి. అచ్చటి కాపరి యా బాలుని ఎత్తుకొనిపోయి గొఱ్ఱెల మంద నడుమ పచ్చికపై పరుండబెట్టుచుండెడివాడు. సమీపముననే పాడుపడిన కోటబురుజొకటి కలదు. నాయనమ్మయు మేనత్తయు ఆ ప్రాంతపు వీరుల కథలను, పాటలను వినిపించుచుండిరి. ఆ బాలుడు క్రమముగా నడువనేర్చెను గాని, కుంటితనము మాత్రము జీవితాంతము పోలేదు. పురాతన కథలపై మక్కువ, మూగజీవులపై ప్రేమ అను రెండును ఆయనకు ఆ పల్లెలోనే అంకురించినవి.

స్కాటు న్యాయశాస్త్రము చదివి 1792లో న్యాయవాది యయ్యెను. 1799లో సెల్కర్కు మండలమునకు షరీఫు, అనగా న్యాయాధికారిగా నియమింపబడెను. 1805 మొదలు వెలువడిన కథాకావ్యములు ఆయనకు కవిగా గొప్ప పేరు తెచ్చినవి. 1814లో ‘వేవర్లీ’ అను నవలను తన పేరు వెల్లడింపకయే ప్రకటించెను. పూర్వచరిత్రలోని యుద్ధములు, సాహసములు, ప్రేమలు కలసి యల్లుకొనిన ఇట్టి కథలను ఆంగ్లభాషలో రొమాన్సు అందురు. ఈ కథారచనయందు స్కాటు గడించిన కీర్తి ఎంతటిదన, మన దేశమున చారిత్రక నవలలు వ్రాసిన చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారిని తెలుగువారు ఆంధ్రస్కాటు అని పిలిచి గౌరవించిరి.

స్కాటు ఇంట కుక్కలు లేని కాలము లేదు. వానిలో మొదట పేరొందినది క్యాంపు. అది బలిష్ఠమైన బుల్‌టెరియరు జాతిది. అది యొకప్పుడు రొట్టెలవానిని కరచి శిక్ష ననుభవించెను. ఆ తరువాత ఎవరైన ఆ సంగతి ఎత్తినచో, ఎంత మెల్లగా చెప్పినను, క్యాంపు తోక ముడిచి గదిలోని చీకటి మూలకు పోయి దాగుకొనెడిది. రొట్టెలవానికి దెబ్బ తగులలేదని చెప్పినంతనే గంతులు వేయుచు వెలికి వచ్చెడిది. ముసలితనమున నడుము పట్టుకొని యజమానుని గుఱ్ఱము వెంట పరుగిడలేకపోయెను. అపుడు సేవకుడు షరీఫుగారు ఏటిరేవు దారిన వచ్చుచున్నారని చెప్పినచో ఒక దిక్కునకును, కొండదారిన వచ్చుచున్నారని చెప్పినచో మరియొక దిక్కునకును ఎదురుపోయెడిదట. కుక్క మనుష్యుని మాటలను ఎంతవరకు గ్రహింపగలదో స్కాటు ఇట్లు దినదినమును పరిశీలించుచుండెను.

క్యాంపు 1809లో మరణించెను. ఆ దినమున స్కాటు ఒకరి యింటికి విందునకు పోవలసియుండగా, ప్రియమిత్రుని మరణముచే రాజాలనని కబురు పంపెను. ఆ రాత్రి వెన్నెలలో, ఎడింబరోలోని తన యింటి పెరటితోటలో, తాను కూర్చుండి వ్రాసికొను కిటికీకి ఎదురుగా దానిని పూడ్పించెను. కుటుంబమంతయు కన్నీటితో చుట్టును నిలువగా, గోతిపై పచ్చికగడ్డను ఆయనయే స్వయముగా సర్దెను.

ఇట్టి ప్రేమ గలవాని కథలలో కుక్కలకు చోటు దొరకుట వింత కాదు. అయినను స్కాటు కుక్కల నోట మాటలు పలికింపలేదు. నిజమైన కుక్క చేయు పనులనే వానిచే చేయించెను. ఆ పనుల మూలమున కథలోని మనుష్యుల స్వభావము బయటపడునట్లు కూర్చెను. బంగారమునకు గీటురాయి యెట్టిదో, స్కాటు పాత్రలకు కుక్క యట్టిది.

1819 చివర వెలువడిన ‘ఐవన్‌హో’ నవలలో గర్తు అను పందుల కాపరి కలడు. అతడు మెడకు ఇత్తడి పట్టెడ తగిలించుకొనిన బానిస. ఫ్యాంగ్సు అను కుక్క యొక్కటే అతని తోడు. ఒకనాడు యజమానుడైన సెడ్రిక్కు కోపముతో ఆ కుక్కపై బల్లెము విసరగా, అది దానిని గీరుకొనిపోయెను. తనకు జరిగిన యవమానము లన్నిటిని సహించిన గర్తు, నోరులేని తన కుక్కకు జరిగిన యీ యన్యాయమును మాత్రము క్షమింపలేకపోయెను. బానిస హృదయములో గూడ ఆత్మగౌరవము కలదని పాఠకునకు తెలుపుటకు స్కాటుకు ఆ చిన్న సంఘటన చాలెను.

అంతకు మునుపు, 1815లో, ‘గై మానరింగు’ అను నవలలో స్కాటు డాండీ డిన్మంటు అను రైతును సృష్టించెను. ఈ రైతు తన టెరియరు కుక్కలన్నిటికిని పెప్పరు, మస్టర్డు అను రెండే పేర్లు పెట్టును. అవి మన భాషలో మిరియము, ఆవ. పెద్ద మిరియము, పెద్ద ఆవ. పడుచు మిరియము, పడుచు ఆవ. చిన్న మిరియము, చిన్న ఆవ! కొండప్రాంతమున జేమ్సు డేవిడ్సను అను నిజమైన రైతు తన కుక్కలకు ఈ పేర్లనే పెట్టుకొనియుండెను. నవల వెలువడిన పిదప ఇరుగుపొరుగువారు అతనినే డాండీ డిన్మంటు అని పిలువసాగిరి. అతని కుక్కలకును కీర్తి వచ్చెను. క్రమముగా ఆ జాతికంతకు డాండీ డిన్మంటు టెరియరు అను పేరు స్థిరపడి నేటికిని నిలిచియున్నది. కల్పిత పాత్రయొక్క పేరు ఒక కుక్కజాతికి సంక్రమించుట అరుదైన విశేషము. స్కాటు తానును ఆ జాతి కుక్కలను పెంచి, వానికి అల్లము, మసాలా మొదలగు వంటదినుసుల పేర్లే పెట్టుకొనెను.

స్కాటు కుక్కలన్నిటిలోను మిక్కిలి ప్రసిద్ధి గాంచినది మైడా. ఆయన ట్వీడు నదీతీరమున అబట్సుఫర్డు అను భవనమును కట్టుకొనుచున్న కాలమున, 1816లో, గ్లెన్‌గారీ నాయకుడు దానిని కానుకగా పంపెను. అది ముక్కుకొన మొదలు తోకకొన వరకు సుమారు ఆరడుగుల పొడవుండెను. ఇటలీలోని మైడా యొద్ద 1806లో జరిగిన యుద్ధము పేరే దానికి వచ్చినది. స్కాటును చిత్రించుటకు వచ్చిన చిత్రకారులు మైడాను గూడ చిత్రించుచుండిరి. తుదకు రంగులపలకను, కుంచెను చూచినంతనే అది విసుగుతో లేచి వెలుపలికి పోవుట మొదలిడెను. 1817లో అమెరికా రచయిత వాషింగ్టను ఇర్వింగు అబట్సుఫర్డుకు అతిథిగా వచ్చెను. చిన్నకుక్కలు పైబడి అల్లరి చేయుచున్నను, మైడా గంభీరముగా సహించుటను ఆయన చూచెను. మనము లేనప్పుడు మైడాయు వానితో పిల్లవానివలె ఆడునేమో, మన యెదుట మాత్రము సిగ్గుపడుచున్నదని స్కాటు ఆయనతో పరిహాసమాడెను.

1824 అక్టోబరులో మైడా ముసలిదై తన గడ్డిపడకపైననే కన్నుమూసెను. అబట్సుఫర్డు వాకిట అప్పటికే దాని రాతిప్రతిమ యొకటి యుండెను. స్కాటు దానిని ఆ ప్రతిమ క్రిందనే పూడ్పించి, లాటిను భాషలో స్మృతివాక్యము చెక్కించెను.

మరుసటి సంవత్సరము ‘టాలిస్మను’ అను నవల వెలువడెను. అందు మైడావలెనే లేడివేటకు పనికివచ్చు పెద్దకుక్క యొకటి కలదు. దాని పేరు రాస్వాలు. కెన్నెతు అను వీరుడు ఒకరాత్రి ఇంగ్లండు రాజు ధ్వజమునకు కాపలా యుండి, మోసగాండ్రు పంపిన కబురు నమ్మి కొంతసేపు చోటు విడిచి పోవును. తిరిగివచ్చునప్పటికి ధ్వజము లేదు. కుక్క తీవ్రమైన గాయముతో పడియున్నది. మనుష్యుడు విడిచిన కాపలాను కుక్క ప్రాణమొడ్డి నిలిపెను. కోలుకొనిన పిదప, సేనానాయకులు వరుసగా సాగిపోవుచుండగా, ఆ కుక్కయే అపరాధి మీదికి దుమికి వానిని గుఱ్ఱముపైనుండి పడలాగును. నోరులేని సాక్షి దోషిని పట్టియిచ్చిన యీ ఘట్టము ఆ కథకు ప్రాణము వంటిది.

ఇంతలో స్కాటు జీవితముననే పెద్ద పిడుగు పడెను. ఆయన ఒక ముద్రణాలయమున రహస్య భాగస్వామిగా నుండెను. 1826 జనవరిలో ఆ ముద్రణాలయమును, దానితో లావాదేవీలు గల ప్రచురణ సంస్థలును దివాలా తీసినవి. సుమారు 1,20,000 పౌనుల ఋణము ఆయన తలపై పడెను. ఆ విపత్తు పొంచియున్న దినములలోనే, అబట్సుఫర్డును విడువవలసివచ్చునేమోయని తలంచినపుడు, ఆయనను అన్నిటికంటె ఎక్కువగా కలచినది కుక్కల సంగతి. తన రాకకై అవి వృథాగా ఎదురుచూచుననియు, ఇల్లంతయు తన్ను వెదకుచు మూలుగుననియు తలంచి దినచర్య పుస్తకమున వ్రాసికొని దుఃఖించెను. వానికైన దయగల యజమానులు దొరికిన చాలునని కోరుకొనెను.

దివాలా ప్రకటించి ఋణములనుండి బయటపడు మార్గము స్కాటుకు లేకపోలేదు. ఆయన దాని నంగీకరింపలేదు. నమ్మి అప్పిచ్చినవారికి తన కలముతోనే తీర్చెదనని నిశ్చయించుకొనెను. ఎడింబరోలోని యిల్లు అమ్ముడుపోయెను. ఋణదాతలు అబట్సుఫర్డులో మాత్రము ఆయనను ఉండనిచ్చిరి. ఆ సంవత్సరము మే నెలలో భార్య మరణించెను. అట్టి దినములలో పూర్తియైనదే ‘వుడ్‌స్టాకు’ నవల. అది 8,000 పౌనులకు మించిన ధరకు అమ్ముడుపోయి ఆ సొమ్ము ఋణములకు జమయయ్యెను.

ఆ నవలలో మైడా బీవిసు అను పేరుతో మరల జీవించెను. రాజభక్తి తప్పని ముసలివీరుడు సర్ హెన్రీ లీ దాని యజమానుడు. రాజు పదవీభ్రష్టుడై పోయినను ఆ వృద్ధుడు తన పక్షమును విడువడు; ఆ వృద్ధుని బీవిసు విడువదు. తుదకు 1660లో రాజు తిరిగి వచ్చునప్పటికి, ఆనందమున ప్రాణములు విడుచు హెన్రీ లీ పాదములచెంత, చూపు మందగించి కీళ్లు బిగిసిన బీవిసు కూడ నుండెను. యజమానుని తరువాత అది ఎన్నో దినములు బ్రదుకలేదని చెప్పి స్కాటు కథ ముగించెను. చచ్చిన తన కుక్కకు ఆయన కట్టిన నిజమైన సమాధి రాతిది కాదు, ఈ కథయే.

ఆరేండ్లు స్కాటు విరామము లేక వ్రాసెను. పక్షవాతము సోకినను కలము విడువలేదు. వైద్యుల సలహాపై 1831లో ఇటలీ ప్రాంతములకు పోయి, 1832 జూలైలో స్పృహ తప్పుచు తెలియుచు ఇల్లు చేరెను. కుర్చీలో కూర్చుండబెట్టగా కుక్కలన్నియు చుట్టును మూగి చేతులు నాకినవి. ఆయన వానిని చూచి ఒకపరి ఏడ్చుచు, ఒకపరి నవ్వుచు నుండెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీన ఆయన పరమపదించెను. అప్పటికి ఋణములో పెద్దభాగము తీరియుండెను. మిగిలినది ఆయన పుస్తకముల రాబడి మొదలగువానిచే తరువాత తీరిపోయెను.

ఎడింబరో నగరమున రెండువందల అడుగుల ఎత్తున స్కాటు స్మారకగోపురము నేడును కలదు. 1846లో దాని ప్రారంభోత్సవము జరిగెను. అందు చలువరాతి విగ్రహమై స్కాటు కూర్చుండియున్నాడు. ఆయన ప్రక్కన మైడా తల యెత్తి యజమానుని మొగము వైపు చూచుచున్నది. విద్యార్థులారా! కథకునకు పాత్రలు ఎక్కడినుండియో ఊడిపడవు. తన వాకిట నున్న జీవమును ప్రేమతో చూడనేర్చినవానికే అవి దొరకును. చూచి మెచ్చుకొనిన సద్గుణమును కష్టకాలమున తానును పాటించినవాడే ధన్యుడు.