స్పీగల్‌మన్ రాక్షసి

సోల్ స్పీగల్‌మన్ 1914లో న్యూయార్క్‌లో పుట్టారు. అక్కడి సిటీ కాలేజీలో చదివింది గణితం, జీవితమంతా చేసింది బయాలజీ. 1949 నుంచి ఇరవై ఏళ్లు ఇల్లినాయ్ యూనివర్సిటీలో ఉన్నారు. 1961లో బెంజమిన్ హాల్‌తో కలిసి, ఒక ఫేజ్ డీఎన్ఏ పోగూ దాన్ని చూసి తయారైన ఆర్ఎన్ఏ పోగూ ఒకదానికొకటి అతుక్కుంటాయని చూపించారు. పేరు నిలవడానికి అదొక్కటే చాలు. నాకు నచ్చేది మాత్రం ఆ తర్వాతి పని.

ఫేజ్ అంటే బ్యాక్టీరియాకి పట్టే వైరస్. ఈ.కోలైకి పట్టే క్యూబీటా అనే ఫేజ్‌కి డీఎన్ఏ లేదు, సుమారు 4,200 అక్షరాల ఆర్ఎన్ఏ పోగొకటే. అది తిన్నగా ఉండదు, తన మీద తానే మడతలు పడుతుంది. కంట్రోల్ అంతా ఆ మడతల్లోనే. ఈ రకం ఫేజుల్లో, కాపీలు తీసే రెప్లికేజ్ ఎంజైమ్ జీన్ మొదలు ఒక మడతలో దాక్కుని ఉంటుంది. దానికి ముందున్న తొడుగు ప్రొటీన్ జీన్‌ని రైబోజోమ్ చదువుకుంటూ వస్తే మడత విడిపోతుంది, అప్పుడే రెప్లికేజ్ తయారీ మొదలు. తొడుగు ప్రొటీన్ బాగా పోగయ్యాక అదే వెళ్లి రెప్లికేజ్ మొదట్లో ఉన్న మడతని పట్టుకుని తయారీ ఆపేస్తుంది. ఇఫ్-ఎల్స్ మొత్తం ఆకారంలోనే ఉందన్నమాట!

మరి ప్రొటీన్లు తయారుచేసుకునే అవసరమే లేకపోతే? 1965లో ఇచిరో హరునాతో కలిసి స్పీగల్‌మన్ ఈ ఆర్ఎన్ఏని టెస్ట్ ట్యూబులో కాపీ చేయించారు. ఆ కాపీలు బ్యాక్టీరియాకి పట్టాయి కూడా. 1967లో అసలు ఆట మొదలైంది. రెప్లికేజ్, ముడిసరుకు బయటినుంచే ఇచ్చి, తయారైన కాపీల్లోంచి కొంచెం కొత్త ట్యూబులోకి, అందులోంచి ఇంకో దాంట్లోకి, అలా 74 సార్లు. టైము తగ్గిస్తూ పోయారు. త్వరగా కాపీ అయ్యిందే బతుకుతుంది. చివరికి ఆర్ఎన్ఏ తన పొడవులో 83 శాతం వదిలేసుకుంది. రెప్లికేజ్ పట్టుకోవడానికి కావలసిన భాగం మిగిలింది, బ్యాక్టీరియాకి పట్టే శక్తి పోయింది. పరీక్షకి రానిది చదవని మనకి దాని లాజిక్ వేరే చెప్పక్కర్లేదు. దానికే స్పీగల్‌మన్ రాక్షసి అని పేరు.

1969లో ఆయన కొలంబియా యూనివర్సిటీకి మారి, మనుషుల క్యాన్సర్లలో వైరస్ ఆర్ఎన్ఏ జాడలు వెతికారు. రొమ్ము క్యాన్సర్‌లో, ల్యుకేమియాలో కనిపించాయని ప్రకటించారు. 1974లో లాస్కర్ అవార్డు వచ్చింది. కానీ ఆ జాడలు గట్టిగా రుజువు కాలేదు. 1983 జనవరిలో, 68 ఏళ్ల వయసులో, పాంక్రియాస్ క్యాన్సర్‌తో పోయారు.