కమలాదేవీ చట్టోపాధ్యాయ

తుప్పు పట్టిన మేకు కనబడినచో మనము దానిని పారవేయుదుము. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారునకు అదియే నల్లరంగునకు మూలద్రవ్యము. ఇట్టి విద్యలు నశింపకుండ కాపాడుటకు జీవితమును ధారపోసిన మహనీయురాలు కమలాదేవీ చట్టోపాధ్యాయ.

ఆమె 1903వ సంవత్సరము ఏప్రిల్ 3వ తేదీన మంగళూరులో జన్మించెను. బాల్యముననే తండ్రి గతించెను. చిన్ననాడే వివాహమై, కొలది కాలమునకే భర్తను కోల్పోయెను. ఆ రోజులలో వితంతువునకు చదువుగాని, పునర్వివాహముగాని సులభముగా లభించెడివి కావు. అయినను ఆమె మద్రాసులో చదువు సాగించి, హైదరాబాదున జన్మించిన కవి హరీంద్రనాథ చట్టోపాధ్యాయను వివాహమాడెను. ఆయన సరోజినీ నాయుడునకు సోదరుడు. 1930లో కమలాదేవి ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని కారాగారవాసము ననుభవించెను. దేశవిభజన జరిగిన పిమ్మట, ఇల్లు వాకిలి కోల్పోయి వచ్చిన శరణార్థులకు ఫరీదాబాదులో సహకార పద్ధతిపై జీవనోపాధి కల్పించుటకు శ్రమించెను.

1952లో అఖిల భారత హస్తకళల మండలి ఏర్పడగా ఆమె దానికి అధ్యక్షురాలయ్యెను. అప్పటికి మిల్లు బట్టల ధాటికి, రసాయనిక రంగుల ధాటికి పెక్కు చేతిపనులు క్షీణించి యుండెను. నాడు చిత్తూరు జిల్లాలోను, నేడు తిరుపతి జిల్లాలోను చేరిన శ్రీకాళహస్తిలో కలంకారీకిని అదే గతి పట్టెను. రామాయణ భారత గాథలను వస్త్రముపై చిత్రించి దేవాలయముల నలంకరించిన ఆ విద్య తెలిసినవారు కొలదిమందియే మిగిలిరి.

ఆ విద్యలోని నేర్పు అద్భుతమైనది. ముందుగా వస్త్రమును కరక్కాయల రసము, గేదెపాలు కలిపిన నీటిలో తడిపి ఆరబెట్టుదురు. చింతపుల్లలను కాల్చిన బొగ్గుతో బొమ్మ గీయుదురు. పాత ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో కొన్ని వారములు నానవేయుదురు. వెదురు పుల్లకు గుడ్డ చుట్టిన కలముతో ఆ ద్రవమును వస్త్రముపై పూయగా, ఇనుము కరక్కాయ వగరుతో కలిసి చెరగని నలుపగును. పిమ్మట స్వర్ణముఖీ నది నీటిలో వస్త్రమును ఉతుకుదురు.

ఐరోపాలో పికాసో అను చిత్రకారుడు 1942లో పాత సైకిలు సీటును, హేండిలును జోడించి ఎద్దుతలను రూపొందించెను. పనికిరాని వస్తువునుండి కళను సృష్టించెనని లోకము ఆయనను కొనియాడెను. మన పల్లెపట్టణముల కళాకారులు తరతరములుగా ఆ నేర్పు కలవారే. వారి బిడ్డలు మాత్రము ఆకలి బాధచే ఇతర వృత్తులకు మరలుచుండిరి.

విద్య నెరిగినవారు గతించినచో దానిని మరల తెచ్చుట అసాధ్యమని కమలాదేవి గ్రహించెను. ఆమె ప్రోత్సాహమున 1957 ప్రాంతమున శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రము వెలసెను. యువకులు ఆ పని నేర్చి, తిరిగి ఇతరులకు నేర్పిరి. ఆ ఊరి కళాకారుడు జొన్నలగడ్డ గుర్రప్ప శెట్టికి 2008లో పద్మశ్రీ బిరుదు లభించినది.

కమలాదేవికి 1966లో రామన్ మెగసెసే పురస్కారము, 1987లో పద్మవిభూషణ బిరుదు లభించెను. 1988వ సంవత్సరము అక్టోబరు 29వ తేదీన ఆమె పరమపదించెను.

విద్యార్థులారా! ఒక వస్తువును పారవేయుటకు ముందు, దానితో ఏమి చేయవచ్చునో తెలిసినవారు మీ ఊరిలో ఎవరైన కలరేమో విచారింపుడు. అట్టివారిని గౌరవించి వారి పని నేర్చుకొనుటయే కమలాదేవికి మనము చేయదగిన నివాళి.