నీలిరంగు చెప్పిన రహస్యం: ఎల్లాప్రగడ సుబ్బారావు రసాయన ప్రస్థానం

ఎల్లాప్రగడ సుబ్బారావు గురించి మనం ఎక్కువగా చెప్పుకునేది ఆయనకు రాని నోబెల్ గురించి. ఆయన చేసిన పని ఏమిటని అడిగితే నాలుగు మందుల పేర్లు చెప్పి ఆగిపోతాం. నిజానికి ఆ పనిని అర్థం చేసుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. ఒక పదార్థం ఎంత ఉందో కొలవడం, అణువులోని బంధం ఎప్పుడు తెగుతుందో గమనించడం, అణువు ఆకారంలో చిన్న మార్పు చేస్తే ఏమవుతుందో చూడటం. ఇంటర్ రసాయన శాస్త్రంలో కనిపించే ఈ మూడు విషయాల మీదే ఆయన జీవితకాల కృషి నిలబడింది.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఇంట్లో లేమి. చదువు కూడా సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో, మద్రాసులో గట్టెక్కింది. తర్వాత అక్కడి వైద్య కళాశాలలో చేరారు. స్వాతంత్ర్యోద్యమ ప్రభావంతో ఖద్దరు కట్టడం ఇంగ్లిష్ ప్రొఫెసర్‌కు నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్‌కు బదులు అంతకంటే తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ పట్టాతో బయటికి రావాల్సి వచ్చింది. కొంతకాలం మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో బోధించారు. ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాతో సంగ్రహణి వ్యాధికి బలైన దుఃఖం ఆయనను వదల్లేదు. పేగులు పోషకాలను పీల్చుకోలేక మనిషి క్షీణించిపోయే ఆ జబ్బుకు అప్పట్లో సరైన మందు లేదు.

మామగారి ఆర్థిక సాయంతో 1922 అక్టోబరులో ఆయన బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల వైద్యం చదువుతూ, పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట పనివాడిగా చేశారు. ఆ తర్వాత హార్వర్డ్ వైద్య కళాశాలలోనే సైరస్ ఫిస్క్ ప్రయోగశాలలో జీవరసాయన పరిశోధనలో కుదురుకున్నారు.

అక్కడ ఎదురైన సమస్య చూడటానికి చిన్నదే. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో త్వరగా, కచ్చితంగా కొలవడం ఎలా? ఫిస్క్, సుబ్బారావు కలిసి 1925లో ప్రచురించిన పద్ధతి రంగు మీద ఆధారపడింది. ఆమ్ల ద్రావణంలో ఫాస్ఫేట్‌కు మాలిబ్డేట్ కలిపితే రెండూ కలిసి ఒక సంయోగ పదార్థం ఏర్పడుతుంది. దాన్ని క్షయకరణం చెందిస్తే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువ ఉంటే నీలం అంత చిక్కన. తెలిసిన పరిమాణంతో తయారుచేసిన ద్రావణం రంగుతో పోలిస్తే లెక్క తేలిపోతుంది. వారిద్దరి పేరుతోనే పిలిచే ఈ పద్ధతి ఇప్పటికీ ప్రయోగశాలల్లో కనిపిస్తుంది.

అసలు విశేషం ఆ రంగు సరిగా రాని చోట బయటపడింది. కండరం నుంచి తీసిన ద్రవాన్ని పరీక్షిస్తే నీలం వెంటనే స్థిరపడకుండా నెమ్మదిగా పెరుగుతూ పోయింది. పరీక్షలో లోపమని పక్కన పెట్టేయవచ్చు. వాళ్లు అలా చేయలేదు. ఫాస్ఫేట్ వేరే అణువుతో బలహీనమైన బంధంతో కలిసి ఉందని, పరీక్షలోని ఆమ్లం ఆ బంధాన్ని కొద్దికొద్దిగా తెంచుతోందని గ్రహించారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. కండరం పనిచేసినప్పుడు అది తరుగుతుంది, విశ్రాంతిలో మళ్లీ పెరుగుతుంది. 1927లో ఈ విషయం ప్రకటించారు. అదే ఏడాది బ్రిటన్‌లో ఎగిల్టన్ దంపతులు కూడా ఈ పదార్థాన్ని గుర్తించారు. కండరం కదలికకు లాక్టిక్ ఆమ్లమే మూలమని అప్పటిదాకా సాగిన నమ్మకం దీంతో కదిలింది.

1929లో కండరంలోనే ఏటీపీని వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ అదే ఏడాది విడిగా దాన్ని కనుగొన్నారు. అడినిన్, రైబోజ్ చక్కెర, వాటికి వరుసగా మూడు ఫాస్ఫేట్లు: ఏటీపీ నిర్మాణం ఇంతే. బంధంలో శక్తి దాగి ఉండి, తెగగానే బయటికి వస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఏ బంధాన్ని తెంచాలన్నా శక్తి ఖర్చవుతుంది. అయితే పక్కపక్కనే ఉన్న ఫాస్ఫేట్ల రుణావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. నీటితో చర్య జరిపి విడిపోయాక ఏర్పడే అణువులు మరింత స్థిరంగా ఉంటాయి. ఆ తేడాయే కణానికి దక్కే శక్తి.

ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు మారి, పరిశోధన విభాగానికి సారథి అయ్యారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను పొట్టనపెట్టుకున్న సంగ్రహణి చికిత్సలో ఆ విటమినే ఉపయోగపడింది.

కణాలు విభజన చెందాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. దాని అణువులో ఒకచోట హైడ్రాక్సిల్ సమూహం బదులు అమైనో సమూహాన్ని పెడితే అమైనోప్టెరిన్ అవుతుంది. ఆకారం దాదాపు అదే కాబట్టి ఎంజైమ్ దాన్ని విటమిన్ అనుకుని పట్టుకుంటుంది, ఇక వదలదు. కణ విభజన ఆగిపోతుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దీన్ని రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి కొంతకాలం ఉపశమనం కలిగిందని 1948 జూన్‌లో ప్రకటించారు. ఈ వరుసలోనే వచ్చిన మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి వాడుతున్నారు.

బోదకాలు వ్యాధికి కారణమయ్యే క్రిములపై పనిచేసే హెట్రజాన్ కూడా ఆయన బృందం నుంచే వచ్చింది. డీఈసీ పేరుతో తెలుగు రాష్ట్రాల్లో ఇంటింటికీ పంచిన మాత్ర అదే. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ కనుగొన్నది సుబ్బారావు నడిపిన ప్రయోగశాలలోనే.

1948 ఆగస్టు 8న, ఫార్బర్ ఫలితాలు వెలువడిన రెండు నెలలకే, 53 ఏళ్ల వయసులో సుబ్బారావు కన్నుమూశారు. దేశం విడిచాక భీమవరం మళ్లీ చూడలేదు. ఆయనకు దక్కాల్సిన గౌరవం గురించి మాట్లాడటం న్యాయమే. దాంతోపాటు రంగు ఆలస్యంగా ఎందుకు వచ్చిందని ఆయన వేసుకున్న ప్రశ్నను కూడా మన రసాయన శాస్త్ర తరగతుల్లో పిల్లలకు చెప్పాలి. పరీక్ష అనుకున్నట్టు రానప్పుడు ఆగి చూడటం వాళ్లు నేర్చుకునేది అక్కడే.