తలుపుకు కన్నులిచ్చిన నర్సు

మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ 1922లో న్యూయార్కు నగరపు క్వీన్స్ ప్రాంతంలో, ఒక నల్లజాతి కుటుంబంలో జన్మించింది. ఆమె వృత్తి రోగుల సేవ. భర్త ఆల్బర్ట్ ఎలక్ట్రానిక్స్ టెక్నీషియను. ఇరువురి పనివేళలు వేరు కావడం వల్ల రాత్రులు ఆమె తరచు ఇంట ఒంటరిగా ఉండవలసి వచ్చేది. ఆ పేటలో నేరాలు హెచ్చాయి. పిలిచినా పోలీసులు సకాలంలో రారు. అర్ధరాత్రి తలుపు చప్పుడైతే, వచ్చినది ఆప్తుడో ఆగంతకుడో చూడబోవడమే అపాయం.

ఆ భయాన్నే ఆమె ఆలోచనగా మలచుకొన్నది. దంపతులు కలసి పథకం రచించారు. తలుపుకు వేర్వేరు ఎత్తులలో రంధ్రాలు, పొడగరినైనా పిల్లవానినైనా చూపేందుకు వాటి వెనుక పైకి క్రిందికి జరిగే కెమెరా, పడకగదిలో టెలివిజను తెర, సంభాషణకు మైక్రోఫోను, మిత్రుడైతే దూరం నుండే గడియ తీసే మీట, శత్రువైతే హెచ్చరిక పంపే మీట. 1966లో దరఖాస్తు చేయగా 1969 డిసెంబరు 2న పేటెంటు లభించింది.

1999లో ఆమె కన్నుమూసింది. నేడు కెమెరాలు ఇంటింటా వెలిశాయి. అయినా కొనబోయే ముందు వేసుకోవలసిన ప్రశ్నలు ఆమెవే: ఎవరిని చూడాలి? ఎక్కడ నుండి చూడాలి? ఆపదలో ఎవరిని పిలవాలి? యంత్రం కంటె ముందు పుట్టవలసినది ఆలోచన.