సయ్యద్ అబ్దుల్ రహీము గారు

మన రుద్రారము మీదుగా పోవు పెద్దబాట పటాన్‌చెరువు దాటి హైదరాబాదు చేరును. ఆ నగరముననే 1909 ఆగష్టు 17వ తేదీన సయ్యద్ అబ్దుల్ రహీము గారు జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుచు ఫుట్‌బాలు ఆటలో పేరుగాంచిరి. పట్టభద్రులైన పిమ్మట కాచిగూడ మొదలగు చోట్ల బడిపంతులుగా పనిచేసిరి. భారతదేశపు జట్టును తీర్చిన శిక్షకులుగా లోకము ఆయనను ఎరుగును. ఆయన బడిపంతులగుటయే ఆ ఘనతకు మూలమని నా తలంపు.

బాలునకు బంతి దొరికినచో దానిని తన కాలివద్దనే యుంచుకొని, ఒక్కడే నలుగురిని దాటి మెప్పుపొందగోరును. ఈ గుణమును దిద్దుటకు రహీము గారు క్రొత్తరకపు పోటీలు పెట్టిరి. వానిలో బంతితో ఒంటరిగా పరుగెత్తరాదు. అందిన వెంటనే తోటివానికి ఇయ్యవలెను. మరికొన్నింటిలో అలవాటులేని కాలితోనే తన్నవలెను. మొదటి నియమము తోటివానిని గుర్తింపజేసెను. రెండవది తన లోపమును దాచక దిద్దుకొన నేర్పెను.

సికిందరాబాదు చెంతనున్న అమ్ముగూడలో తులసీదాసు బలరాము అను పేదబాలుడుండెను. ప్రతిదినము హైదరాబాదు వచ్చుటకు అతనికి సొమ్ము లేకపోగా, రహీము గారు అద్దెసైకిలునకు డబ్బిచ్చి రప్పించిరి. ఆ బాలుడు 1956లోను 1960లోను ఒలింపిక్సున దేశము పక్షమున ఆడెను.

రహీము గారు 1950 మొదలు హైదరాబాదు నగర పోలీసు జట్టునకు తర్ఫీదునిచ్చిరి. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్సు కప్పు గెలిచెను. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో భారతజట్టు స్వర్ణపతకము పొందెను. మరుసటి యేట హెల్సింకిలో, పెక్కురు బూట్లు లేక ఆడగా, యుగోస్లావియా చేతిలో పదింటికి ఒక గోలుతో ఓడెను. ఆ పరాభవమునకు ఆయన క్రుంగలేదు. 1956లో మెల్బోర్ను ఒలింపిక్సున మనవారు ఆస్ట్రేలియాను ఓడించి నాలుగవ స్థానమందిరి.

1962లో జకార్తా క్రీడలనాటికి క్యాన్సరు ఆయన దేహమును తినివేయుచుండెను. మొదటి ఆటలో దక్షిణకొరియా మనవారిని ఓడించెను. థాయిలాండుతో ఆడునపుడు రక్షకుడైన జర్నైల్ సింగు తల పగిలి కుట్లుపడెను. రహీము గారు అతనిని ముందువరుసకు మార్చిరి. అలవాటైన చోటు విడుచుటకు అతడు వెనుదీయలేదు. సెప్టెంబరు 4వ తేదీన తుదిపోటీలో, ప్రేక్షకులు మనవారిని గేలిచేయుచుండగా, పి.కె. బెనర్జీ ఒక గోలును, జర్నైల్ సింగు మరియొకటియు వేసిరి. అదే కొరియాపై రెండింటికి ఒకటిగా గెలిచి స్వర్ణపతకము తెచ్చిరి. తొమ్మిది నెలలు గడచి, 1963 జూను 11వ తేదీన రహీము గారు కన్నుమూసిరి.

తల్లిదండ్రులారా, పుస్తకము మూసి మైదానమునకు బోయిన గంట వ్యర్థమని తలంపకుడు. పరీక్షలో ప్రక్కవానికి సాయపడుట తప్పు; ఆటలో సాయపడకుండుట తప్పు. ఈ రెండును ఎరిగినవాడే పూర్ణవిద్యావంతుడు. చిరంజీవులారా, ఈ సాయంకాలము బంతి మీ కాలికి అందినపుడు ఒక్కమారు తలయెత్తి చూడుడు. మీకంటె మేలైన చోట నిలిచినవాడు కనబడినచో బంతి వానిది.