పచ్చ అట్ట కరపత్రం

మా ముదిగొండలో మిరపకాయలు ఏరే రోజులొస్తే ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు వస్తారు. వాళ్లని ఊళ్లో కొందరు చిన్నచూపు చూస్తారని పోయిన ఏడు కాలేజీ గ్రూపులో ఘాటుగా ఒక పోస్టు పెట్టాను. లైకులే లైకులు. రెండు రోజులకి దాని స్క్రీన్‌షాట్ ఊరి గ్రూపులోకి చేరింది. బాబాయి ఫోన్ చేసి ఊరి పరువు తీశావని తిట్టాడు. ఆ తర్వాతే లైబ్రరీలో గాంధీ ఆత్మకథ తీశాను. ఇలాంటిదే ఆయనకీ జరిగింది, నాకన్నా చాలా గట్టిగా.

1893లో లాయరు పని మీద దక్షిణాఫ్రికా వెళ్లేటప్పటికి ఆయన వయసు 23. నేటాల్ చెరకు తోటలకి 1860 నుంచే మద్రాసు రేవు మీదుగా కూలీలు పోతున్నారు. వాళ్లలో మన తెలుగువాళ్లూ చాలామంది. తెల్లవాళ్లకి కూలీలు కావాలి. గడువు తీరాక అక్కడే ఉండిపోతేనో, ఓటు అడిగితేనో మాత్రం ఒళ్లు మంట. భారతీయుల ఓటు తీసేసే బిల్లు వచ్చింది.

1894, 1895లో గాంధీ ఆ తెల్లవాళ్ల కోసమే ఇంగ్లీషులో రెండు కరపత్రాలు రాశారు. మాక్స్ ముల్లర్ లాంటి యూరప్ పండితులు మన దేశం గురించి ఏమన్నారో చూపించారు. పంచాయతీలు, మున్సిపాలిటీలు ఉన్నవాళ్లం, ఓటు మాకు కొత్త కాదన్నారు. అవతలివాడు ఎవరి మాట నమ్ముతాడో లెక్కేసుకుని రాసిన రాత అది. అదే లెక్కలో ఆఫ్రికా వాళ్లని తక్కువ చేసి, మమ్మల్ని వాళ్లతో కలపొద్దనీ వాదించారు. అది మాత్రం నాకు మింగుడుపడలేదు.

1896లో ఇండియా వచ్చి, ఇక్కడివాళ్ల కోసం రాజ్‌కోట్‌లో ఇంకొకటి రాశారు. పచ్చ అట్ట, 10,000 కాపీలు. మద్రాసు సభ తర్వాత మరో 10,000. నిజానికి ఇది ముందు రెండింటికంటే మెత్తగానే ఉంది. కానీ రాయిటర్స్ దాన్ని కొద్ది లైన్ల టెలిగ్రాంగా (యాప్ కాదు, తంతి) కుదించి పంపింది. నేటాల్‌లో చదివింది ఆ లైన్లే. మమ్మల్ని తిట్టాడు, పైగా ఓడల నిండా మనుషుల్ని తెస్తున్నాడని రగిలిపోయారు.

1897 జనవరి 13న డర్బన్‌లో దిగితే గుంపు రాళ్లు, గుడ్లు విసిరి తన్నింది. పోలీసు సూపరింటెండెంట్ భార్య గొడుగు విప్పి అడ్డం నిలబడింది. ఆ రాత్రి ఆయన కానిస్టేబుల్ వేషంలో తప్పించుకున్నారు. కేసు మాత్రం పెట్టలేదు. ఇండియాలో అన్నవన్నీ అంతకుముందు మీ ఎదుటే అన్నానని అక్కడి పత్రికకి వివరంగా చెప్పారు. దాంతో వేడి తగ్గింది.

1903లో డర్బన్‌లో ఇండియన్ ఒపీనియన్ మొదలైంది. ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, తమిళం. తెలుగు లేదు. నేనూ ఏం తక్కువ కాదు. నా పోస్టు ఆ ఛత్తీస్‌గఢ్ కూలీల్లో ఒక్కరికీ చేరలేదు.