లక్ష్యానికి లక్షణం కూర్చిన న్యాయవాది – విష్ణు నారాయణ భాత్‌ఖండే

శాస్త్రాన్ని అనుసరించి ప్రయోగం నడవాలా, ప్రయోగాన్ని అనుసరించి శాస్త్రం నడవాలా అన్న ప్రశ్న వ్యాకరణానికి ఎంత ప్రాచీనమో సంగీతానికీ అంతే ప్రాచీనం. ఆధునిక కాలంలో హిందుస్థానీ సంగీత విషయమై ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధానం చెప్పినవారు వృత్తిరీత్యా సంగీత విద్వాంసులు కారు, న్యాయవాది. వారే పండిత విష్ణు నారాయణ భాత్‌ఖండే. వారి జీవితాన్ని ఈ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

భాత్‌ఖండే 1860 ఆగస్టు 10న, శ్రీకృష్ణాష్టమినాడు, బొంబాయిలోని వాల్కేశ్వర్‌లో జన్మించారు. విద్యార్థి దశలోనే వేణువు, సితారు అభ్యసించారు. ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో చదివి 1885లో బి.ఏ., 1887లో ఎల్‌ఎల్.బి. పట్టాలు పొందారు. బొంబాయిలోను, కొంతకాలం కరాచీలోను న్యాయవాద వృత్తి సాగించారు. అంతకు పూర్వమే, 1884లో, పారసీ ప్రముఖులు నెలకొల్పిన గాయన ఉత్తేజక మండలిలో సభ్యులయ్యారు. ఆ కాలంలో హిందుస్థానీ శాస్త్రీయ గానం బహిరంగ సభలలో కంటె రాజాంతఃపురాలలో, ధనికుల గృహాలలో, కొద్దిమంది రసికులు కూడిన గోష్ఠులలో ఎక్కువగా వినిపించేది. విద్య ఘరానాల గుప్తధనం. మండలి గోష్ఠులలో భాత్‌ఖండే ఎందరో గాయకులను విన్నారు. రావుజీబువా బేల్బాగ్‌కర్ వద్ద సుమారు 300 ధ్రుపదాలు నేర్చుకున్నారు. ఒకే రాగాన్ని ఇద్దరు గాయకులు రెండు విధాలుగా పాడుతున్నారు. కారణం అడిగితే ఇద్దరూ తమ గురుపరంపరనే ప్రమాణంగా చూపుతున్నారు. ఈ అనుభవమే వారిని పరిశోధనకు పురికొల్పింది.

1900లో భార్య, 1903లో ఏకైక కుమార్తె మరణించారు. అటుపై వృత్తిని క్రమంగా విడిచి శేషజీవితాన్ని సంగీతానికే అంకితం చేశారు. అయినా న్యాయవాది బుద్ధి వారిని విడువలేదు. గ్రంథాన్ని శాసనంగా, గాయకుని గానాన్ని సాక్ష్యంగా స్వీకరించి, రెండింటినీ ఎదురెదురుగా నిలిపి విచారించడం వారి పద్ధతి.

ఈ విచారణలో తొలి ఘట్టం 1904 నాటి దక్షిణదేశ యాత్ర. ఎట్టయపురంలో వారు సుబ్బరామ దీక్షితులను దర్శించారు. దీక్షితులవారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగులో వెలువడినది ఆ సంవత్సరమే. వేంకటమఖి చతుర్దండిప్రకాశిక ప్రతి భాత్‌ఖండేకు లభించినది అక్కడే. ఆ గ్రంథాన్ని, విజయనగరంలో 1550లో రామామాత్యుడు రచించిన స్వరమేళకళానిధిని తరువాత వారు ప్రకటించారు. ఉత్తరాది రాగాలకు మేళవ్యవస్థ కూర్చే ఆలోచన దక్షిణాది లక్షణగ్రంథాల పరిశీలన వల్ల బలపడిందన్నది మన పరిశోధకులు గుర్తుంచుకోదగిన అంశం.

అయితే వారు డెబ్బదిరెండు మేళాలను యథాతథంగా గ్రహించలేదు. హిందుస్థానీ పద్ధతిలో ఒక స్వరస్థానానికి రెండు పేర్లు లేవు గనుక వివాది మేళాలు నలభై తొలగి ముప్పదిరెండు మిగులుతాయి. వాటిలో కూడా ప్రచారంలో ఉన్న రాగాలకు అవసరమైన పదింటినే ఎన్నుకున్నారు. బిలావల్ మన ధీరశంకరాభరణం, కల్యాణ్ మేచకల్యాణి, ఖమాజ్ హరికాంభోజి, భైరవ్ మాయామాళవగౌళ, పూర్వీ కామవర్ధిని, మార్వా గమనశ్రమ, కాఫీ ఖరహరప్రియ, ఆసావరి నటభైరవి, భైరవి హనుమతోడి, తోడి శుభపంతువరాళి.

ఈ సిద్ధాంతాన్ని ప్రతిపాదించిన సంస్కృత గ్రంథానికి వారు శ్రీమల్లక్ష్యసంగీతమని పేరిడారు. లక్షణమనక లక్ష్యమనడంలోనే వారి మతం వ్యక్తమవుతోంది. భరతుని, శార్ఙ్గదేవుని గ్రంథాలు పూజ్యాలే కాని, వాటిలోని సంగీతం నేటి గాయకుని కంఠంలో లేదని, ఉన్న సంగీతానికే శాస్త్రం వ్రాయాలని వారి నిశ్చయం. ప్రయోగమే వ్యాకరణానికి శరణ్యమని మన వైయాకరణులు ఎఱిగిన న్యాయమే ఇది.

1910 ప్రాంతంలో వెలువడిన ఆ గ్రంథంలో కర్త పేరు చతురపండితుడు. దానిని వివరిస్తూ గురుశిష్య సంవాద రూపంలో మరాఠీలో వ్రాసిన నాలుగు సంపుటాల హిందుస్థానీ సంగీత పద్ధతిలో చతురపండితుని మరొకరివలె పేర్కొని ప్రమాణంగా స్వీకరించారు. తన వాదానికి తానే సాక్షిగా నిలవడం న్యాయస్థానం అంగీకరించే పద్ధతి కాదు. సంస్కృత శ్లోకానికి ఉన్న గౌరవం కొత్త శాస్త్రానికి అవసరమని వారు భావించి ఉండవచ్చు.

హైదరాబాదులోని సంస్కృత విద్వాంసుడు అప్పా తులసి ఈ మతాన్ని స్వీకరించి రాగకల్పద్రుమాంకురం, రాగచంద్రిక రచించారు. భాత్‌ఖండే రాంపూర్‌లో వజీర్‌ఖాన్ వద్ద, జయపూర్ మన్‌రంగ్ పరంపరకు చెందిన ముహమ్మదలీఖాన్ కుటుంబం వద్ద రచనలు సేకరించారు. అవి ఆరు భాగాల క్రమిక పుస్తకమాలికలో స్వరలిపితో అచ్చయ్యాయి. 1916లో బరోడాలో తొలి అఖిలభారత సంగీత పరిషత్తు వారి పూనికతో జరిగింది. ఢిల్లీ, కాశి, లక్నో నగరాలలో తరువాతి పరిషత్తులు జరిగాయి. 1918లో గ్వాలియర్‌లో మాధవ సంగీత విద్యాలయం, 1926లో లక్నోలో మారిస్ సంగీత కళాశాల వెలిశాయి. లక్నో కళాశాల నేడు వారి పేర విశ్వవిద్యాలయమై విలసిల్లుతోంది.

వీరి సిద్ధాంతం విమర్శకు అతీతం కాదు. మన చక్రవాక మేళస్వరాలు గల అహీర్ భైరవ్ పది థాట్‌లలో దేనిలోనూ సరిగా ఇమడదు. లక్ష్యమే ప్రమాణమన్నవారు, ఆ లక్ష్యాన్ని తరతరాలుగా కాపాడిన ఉస్తాదులను శాస్త్రజ్ఞానం లేనివారిగా చిన్నచూపు చూశారన్న ఆక్షేపణ మరింత బలమైనది. పుస్తకమాలికలోని రచనలలో అధికభాగం ఆ ఉస్తాదుల కంఠాలనుండి వచ్చినవే. సాక్షుల వాఙ్మూలం తీసుకొని సాక్షులనే తక్కువ చేయడం న్యాయం కాదు.

1933లో పక్షవాతం సోకి మూడేళ్లు మంచం పట్టిన భాత్‌ఖండే 1936 సెప్టెంబరు 19న, వినాయక చవితినాడు, దివంగతులయ్యారు. పుస్తకమాలిక చివరి భాగాలు వారి మరణానంతరం వెలువడ్డాయి. 1961లో భారత ప్రభుత్వం వారి స్మారకంగా తపాలా బిళ్ల విడుదల చేసింది.

భాత్‌ఖండే తీర్పులలో కొన్నింటిని కాలం తిరగతోడవచ్చు. కాని ఏ ఆధారంతో ఆ తీర్పు ఇచ్చారో వారు వ్రాసి ఉంచారు గనుకనే ఆ పునర్విచారణ సాధ్యమవుతోంది. గోష్ఠులలో గుప్తంగా ఉన్న విద్యను ఎవరైనా పరీక్షించదగిన విద్యగా మార్చడమే వారి జీవితకృషి ఫలితం. ప్రాచీన గ్రంథాలను పరిష్కరించే మనకు వారి మార్గం ఒక హెచ్చరిక కూడా. తాళపత్రం ఎంత పూజ్యమైనా, జీవించి ఉన్న ప్రయోగాన్ని విచారించనిదే పరిశోధన పూర్తికాదు.